వానకు బీమా, మాటకు విలువ

మాది పుత్తూరు. ఊరి పేరు చెప్పగానే "కట్టు కడతారే, ఆ పుత్తూరేనా?" అంటారు. ఎముక విరిగినవారు ఎక్కడెక్కడినుంచో వచ్చి, పసరుకూ వెదురుబద్దలకూ తమ చేతినో కాలినో అప్పగించడం చిన్నప్పటినుంచీ చూశాను. వారిని రప్పించినది ప్రకటన కాదు, అంతకుముందు కట్టు కట్టించుకున్న పొరుగువాడి మాట. అటువంటి మాటకెంత బలముందో ఆర్థికశాస్త్రజ్ఞులు కొలిచి చూశారని వర్షబీమా చరిత్ర చదివాక తెలిసింది.

2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు కలసి మహబూబ్‌నగర్ జిల్లాలో ఈ బీమాను ప్రవేశపెట్టాయి. పంటనష్టాన్ని ఎవరూ వచ్చి చూడనక్కరలేదు. వానమాపకంలో నమోదైన వర్షం నిర్ణీత మిల్లీమీటర్లకు తగ్గితే పరిహారం వస్తుంది. అయినా కొన్న రైతులు కొద్దిమందే.

మదనపల్లె వైపు చెనక్కాయ వేసే మా మామ కూడా ఒకసారి ఇటువంటి బీమానే వద్దన్నాడు. అది అజ్ఞానమని నేను మొహం మీదే అన్నాను.

హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యుడు షాన్ కోల్, జేవియర్ గినే మొదలైనవారు అలా అనలేదు, పరీక్షించారు. 2006లో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల పల్లెల్లో ఇళ్ళను లాటరీ పద్ధతిన విభజించి బీమా వివరించారు. బీమా గురించి అదనంగా పాఠం చెప్పినందువల్ల పెద్ద తేడా రాలేదు. ఊరికి పరిచయమున్న బేసిక్స్ ప్రతినిధి వెంట వచ్చి చెబితే కొనేవారు పెరిగారు. కొందరి చేతిలో 25 రూపాయలు, కొందరి చేతిలో ఒక పాలసీకి ఇంచుమించు సరిపడే 100 రూపాయలు పెడితే, రెండవవారు చాలా ఎక్కువగా కొన్నారు. 2013లో అచ్చయిన వారి వ్యాసం తేల్చినది ఇదే: ధర ఒక్కటే అడ్డంకి కాదు, నమ్మకమూ చేతిలో రొక్కమూ కూడా కావాలి.

కోల్ దీనిని తరగతి గదికీ తీసుకువెళ్ళాడు. 2007లో పీటర్ టుఫానోతో కలసి, బేసిక్స్ బీమానే విద్యార్థులు చర్చించవలసిన సమస్యగా రాశాడు. మన మెట్టరైతు సందేహం అక్కడ పాఠమయింది.

విత్తనానికీ ఎరువుకూ కూలికీ డబ్బు ఒక్కసారిగా కావలసిన నెలలోనే, ముఖపరిచయం లేని మనిషి వచ్చి మామను బీమాకు డబ్బడిగాడు. ఆ మామే చేయి విరిగినప్పుడు మారుమాట లేకుండా పుత్తూరు బండి ఎక్కాడు. అతనికి తెలియనిది బీమా సంగతి. నాకు తెలియనిది అతని సంగతి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ మాట అతనితో చెప్పాలి.