ఎన్ నట్ (1931 చిత్రం)

ఎన్ నట్ (అర్థం: ఒక రాత్రి) గుస్టాఫ్ మొలాండర్ 1931లో తీసిన స్వీడిష్ టాకీ. నేపథ్యం 1918 ఫిన్లాండ్ అంతర్యుద్ధం. ఒకే తల్లి బిడ్డలైన అన్నదమ్ములు చెరో పక్షాన నిలుస్తారు.

దీని అసలు బలం కూర్పు. మైకు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో చాలా సినిమాలు నాటకంలా మాటలకే అతుక్కుపోయాయి. మొలాండర్ మాత్రం సోవియట్ దర్శకుల మాంటాజ్ పద్ధతిని అందుకున్నాడు: పొట్టి షాట్లు, ఒకదాన్నొకటి ఢీకొనే దృశ్యాలు, మాట అక్కర్లేకుండా కథ చెప్పే ముఖాలు. మూకీల నాటి బొమ్మల భాషను ధ్వని వచ్చాక కూడా వదులుకోకపోవడం నిజంగా సాహసమే. తల్లిగా రంగస్థల మహానటి గెర్డా లుండెక్విస్ట్, అన్నదమ్ములుగా ఊనో హెన్నింగ్, బ్యోర్న్ బెర్గ్‌లుండ్ నటించారు.

ప్రేక్షకులు ఆదరించలేదు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌తో ‘ఇంటర్‌మెట్సో’ (1936) తీసి పేరు తెచ్చుకున్న మొలాండర్ మళ్లీ ఇంత తెగువ చూపలేదు. 1930ల స్వీడిష్ సినిమాల్లో ఇది ఒంటరిగా, ఎత్తుగా నిలుస్తుంది.