ఇంజినీరింగ్ విద్యార్థుల్లో జీవితకాల అభ్యసన నైపుణ్యాలు

తనకు తెలియనిదేమిటో తానే గుర్తించి, ఎవరూ చెప్పకపోయినా నేర్చుకుని, నేర్చుకున్నది సరైనదో కాదో సరిచూసుకోగలగడమే జీవితకాల అభ్యసనం. ఇంజినీరింగ్ పట్టాలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014 జూన్‌లో భారతదేశం శాశ్వత సభ్యురాలైంది. ఆ ఒప్పందానికి అనుగుణంగా, బీటెక్ పూర్తిచేసినవారికి ఉండాల్సిన లక్షణాలంటూ జాతీయ అక్రెడిటేషన్ బోర్డు ఇచ్చిన జాబితాలో చివరిది జీవితకాల అభ్యసనమే. చివర ఉన్నా, మిగిలినవన్నీ పాతబడినప్పుడు అక్కరకొచ్చేది ఇదే.

ఇందుకు కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ఉదాహరణ. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన ఆయన 1958లో గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో సివిల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత కంప్యూటర్ల వైపు మళ్లి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొంది, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి (ఆర్‌జీయూకేటీ) ఆయన కులపతిగా వ్యవహరించారు. పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువు, ల్యాప్‌టాప్‌లో పాఠాలు, సొంతంగా సాధన అక్కడి పద్ధతి.

ఆన్‌లైన్ కోర్సులు అందించే ఎన్‌పీటెల్, 2017లో మొదలైన స్వయం వేదిక పాఠాలను ఊళ్లకు చేర్చాయి. అయితే సర్టిఫికెట్ల లెక్కను ఈ నైపుణ్యానికి కొలతగా తీసుకోవడం సరికాదు. పాత ప్రశ్నపత్రాలు, గైడ్లతో గట్టెక్కే అలవాటు వీడియో పాఠాల పరీక్షల్లోనూ అలాగే సాగుతుంది. సమాధానం సిద్ధంగా లేని ప్రశ్న ఎదురైతేనే ఆ అలవాటు సడలుతుంది.

అలాంటి ప్రశ్నకు నెల్లూరు జిల్లా ఆత్మకూరు, అనుమసముద్రంపేట ప్రాంతపు సివిల్ విద్యార్థి దూరం వెళ్లనక్కర్లేదు. పెన్నాపై సోమశిల జలాశయం నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. 2021 నవంబరు వరదలో ఆనకట్ట దిగువన నేల కోతను అడ్డుకునే కాంక్రీటు పరుపు (ఆప్రాన్) దెబ్బతింది. వరద నీటిని వదిలే స్పిల్‌వేకు ఎంత వరదను లెక్కలోకి తీసుకోవాలన్న ప్రశ్నకు 1985 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 11223లో నియమం ఉంది: నిల్వ 6 కోట్ల ఘనపు మీటర్లు దాటితే, రావడానికి అవకాశమున్న గరిష్ఠ వరదనే ప్రాతిపదికగా తీసుకోవాలి. 78 టీఎంసీలను మార్చి చూస్తే సుమారు 220 కోట్ల ఘనపు మీటర్లు. ఇంతవరకు వచ్చిన విద్యార్థికి వర్షపాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయి, కొత్త వానల తీరుకు పాత అంచనా చాలుతుందా అన్న ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇంగ్లిషులో ఉండే ప్రమాణ పత్రాలు మొదట్లో కొరుకుడు పడవు. మొదటి ఏడాదిలోనే రోజుకో పేజీ చదివించి, అర్థమైనది తెలుగులో చెప్పించడం మేలు. మూల్యాంకనంలో జవాబుతోపాటు విద్యార్థి ఏ ఆధారాలు వెతికాడు, వేటిని ఎందుకు వదిలేశాడు, ఏ లెక్కను మళ్లీ చేశాడు అన్నవాటికీ మార్కులుండాలి.