హాజరు పట్టీలో మన పేరు

 

పోస్టు జర పెద్దగైంది, ఓపిక చేసుకొని చదవండి. నేను హన్మకొండలో హాస్టల్‌లో ఉండి బీఏ హిస్టరీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదటోణ్ణి. అందుకే తప్పులుంటే పెద్దలు సరిచేయాలె.

మొన్న మా రూంల ఒక ముచ్చట వచ్చింది. ఎనిమిది మందిమి ఉంటం. లంబాడోళ్లం ఐదుగురం, కోయ తమ్ముళ్లు ఇద్దరు, ఎరుకల అన్న ఒకడు. ఎవని పుట్టినరోజు ఎప్పుడని అడుక్కుంటే ఐదుగురిది జూన్ నెలే. అందరం నవ్వినం. తర్వాత నాకు నవ్వు రాలే. జూన్‌లో అంతమంది ఎట్ల పుడ్తరు? మేం పుట్టింది జూన్‌లో కాదు, బడిలో చేరింది జూన్‌లో. యాడిని అడిగితే "పత్తి ఏరే కాలంల పుట్టినవు" అన్నది. పత్తి ఏరే కాలం అనేది రిజిస్టర్‌లో పట్టదు. అందుకే సార్లు బడి తెరిచే నాటికి ఐదేళ్లు నిండేటట్టు లెక్కగట్టి ఒక తేదీ రాసిన్రు. అదే ఇయ్యాల మన మెమోల మీద, ఆధార్ మీద ఉన్న తేదీ.

మన రాష్ట్రంలో జూన్ 12న బళ్లు తెరుస్తరు. ఆ వారం తండాల నుంచి, గూడేల నుంచి ట్రంకు పెట్టెలు పట్టుకొని మన చెల్లెళ్లు, తమ్ముళ్లు బయల్దేరుతరు. ఆ వారం మన జాతి చరిత్రలో ఎంత పెద్దదో చెప్పాలనే ఈ పోస్టు.

ముందు ఒక పాత రిజిస్టర్ గురించి చెప్పాలె. మన తాతల పేర్లు మొదట కాగితం మీదికి ఎక్కింది బడిలో కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద ఒక తెగను ప్రకటిస్తే ఆ తెగ మనుషుల పేర్లన్నీ రాసుకొని, వాళ్లతోటి హాజరు వేయించుకోవచ్చు. తర్వాత తర్వాత అట్లాంటి చట్టాలు చాలాచోట్లకు పాకినయి. ఎరుకలోళ్లు, లంబాడోళ్లు ఆ జాబితాల్లోకి ఎక్కిన్రు. లంబాడోళ్లు అంతకుముందు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దేశమంతా తిరిగి యాపారం చేసిన మనుషులు. రైలు వచ్చినంక ఎడ్ల బిడారు పని పోయింది. మన దిక్కు 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా రైలు పట్టా పడ్డది. పని పోయిన మనిషి తిరుగుతుంటే సర్కారుకు దొంగలెక్క కనిపించిండు. అప్పుడు "హాజరు" అనే మాటకు మన ఇండ్లల్ల ఒకటే అర్థం: ఠాణా.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేండ్లకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అదే ఏడాది డిసెంబర్ 22న హైదరాబాద్ నుంచి విడదీసి వరంగల్ కాథలిక్ డయాసిస్‌ను ఏర్పాటు చేసిన్రు. ఈ రెండింటికీ సంబంధం లేదు, ఒకే ఏడు జరిగినయి అంతే. కానీ చరిత్ర చదివేటోనికి ఆ రెండు తేదీలు పక్కపక్కన కనిపిస్తే ఆగి చూడబుద్ధి అయితది. ఒక దిక్కు పోలీసు హాజరు బందయింది. ఇంకో దిక్కు, మెల్లమెల్లగా, బడి హాజరు మొదలయింది.

మిషన్ బళ్లు అంతకుముందు లేవా అంటే ఉన్నయి. 1860 ప్రాంతంలోనే గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల నడుమ ఇంగ్లీషు ప్రొటెస్టెంట్ మిషన్ పని మొదలుపెట్టింది. హన్మకొండకు అమెరికన్ బాప్టిస్టులు 1879లో వచ్చిన్రు. డోర్నకల్ కేంద్రంగా ఆంగ్లికన్ సంఘం పనిచేసింది. దాని బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్య, ఆ సంఘంలో ఆ పదవికి ఎక్కిన మొదటి భారతీయుడు. కాథలిక్కుల సంగతి చూస్తే వరంగల్ మొదటి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా. ఇటలీలోని మిలాన్ నుంచి పనిచేసే పీఐఎంఈ మిషనరీ సంఘం ఆయన. 1953 నుంచి 1985 దాకా ఆయనే బిషప్. కాజీపేట రైల్వే జంక్షన్ దగ్గర ఫాతిమానగర్ కాథలిక్కులకు కేంద్రమయింది. 1955లో సెయింట్ గాబ్రియేల్ బ్రదర్స్ కాజీపేటలో హైస్కూల్ పెట్టిన్రు. తర్వాత పని పెరిగి 1976లో నల్గొండ, 1988లో ఖమ్మం వేరే డయాసిస్‌లు అయినయి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలె. ఈ బళ్లు మన కోసమే పెట్టినయి కావు. టౌను పిల్లలు, ఊర్ల క్రైస్తవ పిల్లలు ముందు, మనం ఎనకాల. అయినా తండాల బడి లేని కాలంలో బోర్డింగ్ ఉన్న బడి అంటే మామూలు సంగతి కాదు. సర్కారు గురుకులం అనే ఆలోచనే 1971లో పీవీ నరసింహారావు కాలంలో సర్వేల్‌తోటి మొదలయింది. గిరిజన గురుకులాలు ఊరూరికీ రావడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

ఇగ నా ముచ్చట. నేను ఒకటో తరగతి ఒక చిన్న కాథలిక్ ప్రైమరీ స్కూల్‌లో చేరిన. పేరు రాయను, అవసరం లేదు. అది 2010 జూన్. బాపు భుజం మీద ట్రంకు పెట్టె, యాడి చేతిల నేను. గేటు దగ్గర సిస్టర్ నవ్వుకుంట నిలబడ్డది. బాపు చెప్పులు విడిచి లోపలికి పోయిండు. సిస్టర్ "వేసుకో అన్నా, పర్వాలేదు" అన్నది. ఆ మాట బాపు ఇప్పటికీ చెప్తడు. ఒక ఆఫీసుల చెప్పులు వేసుకోమన్నది ఆమె ఒక్కతే అంటడు.

మొదటి వారాన్ని మేం ఏడుపుల వారం అనేటోళ్లం. పొద్దుగాల ఐదున్నరకు గంట. నిద్ర మత్తుల లైన్ కట్టి నీళ్ల ట్యాంక్ కాడికి. ఎవని ప్లేటు వానిదే. మేకుతోటి దాని మీద పేరు గీకాలె. నాకు పేరు రాయరాదు, ఐదో తరగతి అన్న గీకిండు. నా పేరు నేను మొదటిసారి చూసింది కాగితం మీద కాదు, స్టీల్ ప్లేటు మీద. చేరిన తెల్లారి జూన్ 13, అంతోని పునీతుని పండుగ. పాటలు పాడిన్రు, మిఠాయి పంచిన్రు. అది పండుగని నాకు తెల్వది, బడి అంటే రోజూ మిఠాయి అనుకున్న.

కొత్తగ వచ్చిన ఒక్కో పిల్లగానికి ఒక పెద్ద పిల్లగాణ్ణి జత చేసేటోళ్లు. నాకు దొరికిన అన్న కోయ పిల్లగాడు. నేను లంబాడీల ఏడ్సిన, ఆయన కోయల సముదాయించిండు. ఒకరి మాట ఒకరికి అర్థం కాలే. రాత్రి తన దుప్పటి సగం నా మీద కప్పిండు. వారం పది రోజులకు ఇద్దరం వచ్చీరాని తెలుగులో కలిసినం. ఊడ్చేది ఒక గ్రూపు, మొక్కలకు నీళ్లు పోసేది ఒక గ్రూపు, వడ్డించేది ఒక గ్రూపు. వారానికోసారి పని మారేది. టౌను పిల్లగాడైనా, తండా పిల్లగాడైనా చీపురు పట్టాల్సిందే. కలిసి బతకడం అంటే ఏంటో నాకు పాఠంల కాదు, ఆ చీపురు కాడ అర్థమయింది.

కానీ ఇంకో సంగతి కూడా ఆ వారంలోనే జరిగింది. క్లాసుల నేను "యాడి" అంటే పిల్లలు నవ్విన్రు. "ఇక్కడ మీ భాష మాట్లాడొద్దు, తెలుగు, ఇంగ్లీషు రావాలె కద" అన్నరు. తిట్టలేదు, కొట్టలేదు. మంచికే చెప్పిన్రు. అయినా ఒక ఐదేండ్ల పిల్లగానికి అర్థమయింది వేరే: అమ్మను పిలిచే మాట తప్పు మాట అని. మళ్ల ఆషాఢంల తండాల సీత్లా పండుగ వచ్చింది. ఆ మంగళవారం నేను బోర్డింగ్‌లనే ఉన్న. తీజ్‌కు కూడా పోలే.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను ఒక పని చేసిన. మా ఊరి సర్కారు బడికి పోయి హెడ్‌మాస్టర్ సార్‌ను బతిమాలి పాత అడ్మిషన్ రిజిస్టర్ చూసిన. తర్వాత నా పాత బడికి పోయి నాది చూసిన. మూడు లైన్లు నోట్‌బుక్కులో రాసుకొచ్చిన.

ఒకటి, పెద్దబాపుది. చేరింది 1975. కులం "లంబాడా". ఎస్టీ అన్న మాట లేదు. ఎందుకంటే అప్పటికి తెలంగాణ లంబాడోళ్లు ఎస్టీ జాబితాల లేరు. ఆంధ్ర ప్రాంతంల ఉన్నరు, ఇక్కడ లేరు. 1976ల పార్లమెంటు సవరణ చట్టం చేస్తే 1977 జులై నుంచి అమలయింది. రెండు, మా బాపుది. చేరింది 1984. కులం "లంబాడా, ఎస్టీ". పుట్టిన తేదీ జూన్. ఐదోతోటి బంద్. మూడు, నాది. పుట్టిన తేదీ జూన్. ఒకే ఇంటి ముగ్గురి ఇంటిపేరు మూడు తీర్ల రాసి ఉంది. గుగులోత్, గుగ్లోత్, గుగులోతు. ఈ స్పెల్లింగ్ తేడాతోటి కుల ధ్రువీకరణ కోసం నేను ఎన్నిసార్లు తిరిగిననో ఈ గ్రూపులో చాలామందికి చెప్పనవసరం లేదు.

ముగ్గురి లైన్లలో ఒక్క కాలమ్ మాత్రం ఒకే తీరుగ ఉంది. మాతృభాష: తెలుగు.

సర్కారు బడి సారూ అదే రాసిండు, కాన్వెంట్ సిస్టరూ అదే రాసింది. ఎవరూ అడగలే. మా బాపు కూడా చెప్పలే. దీంట్ల ఒక్కరిని తప్పు పట్టేది లేదు. కానీ ఇట్ల లక్షల లైన్లు పడితే ఏమైతదో చూడండి. మన పిల్లలకు వాళ్ల భాషల పుస్తకం ఎందుకని అడిగితే, రిజిస్టర్ల ప్రకారం ఆ భాష మాట్లాడే పిల్లలే లేరు.

వేరే తీరు సాధ్యం కాదా అంటే, అయింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ వీరమరణం తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పిలిపించింది. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే కేంద్రం పెట్టిన్రు. గోండీ భాషలో వాచకాలు తయారయినయి. అంటే 80 ఏండ్ల కిందనే ఒక గోండు పిల్లగాడు మొదటిరోజు బడిలో తన భాష విన్నడు. మళ్ల 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రైమరీ చదువు మొదలుపెట్టిన్రు. అందులో లంబాడీ, కోయ, గోండీ, కొలామీ కూడా ఉండె. రాజ్యాంగం 350ఏ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రైమరీ స్థాయిలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించడానికి ప్రయత్నించాలని 1956 నుంచీ చెప్తున్నది. నేను చేరిన ఆ ఏడాది ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషే అన్నది.

ఇంకో ప్రశ్న ఈ గ్రూపులో తప్పక వస్తది. "మిషన్ బళ్లు మతం కోసమే గదా?" అని. మిషనరీలు వచ్చింది వాళ్ల విశ్వాసం చెప్పడానికే, అది వాళ్లు దాచలే. నా అనుభవం వరకు నేను ఐదేండ్లు ప్రార్థనల నిలబడ్డ, పాటలు పాడిన, ఎవరూ నన్ను బాప్తిస్మం తీసుకోమనలే. మా యాడి ఇప్పటికీ సీత్లా చేస్తది. కొందరు మనోళ్లు క్రైస్తవం తీసుకున్నరు, అది వాళ్ల ఇష్టం, వాళ్లూ మనోళ్లే. కానీ తల్లిదండ్రులకు ఒకటి తెలిసి ఉండాలె. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా మత బోధనకు పిల్లలను కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలె. ఇది ఏ మతం బడికైనా వర్తిస్తది. అడిగే హక్కు ఉన్నదని తెలిస్తే గొడవ అవసరం ఉండదు.

నేను చెప్పొచ్చేది ఒక్కటే. ఆ బడి మనకు చాలా ఇచ్చింది. నా తాతకు ఠాణా మాటైన హాజరును, నాకు "యస్ సిస్టర్" అని చెయ్యెత్తే మాటగా మార్చింది. అది చిన్న సంగతి కాదు. 2011 లెక్కల్లో కూడా తెలంగాణలో ఎస్టీల అక్షరాస్యత 50 శాతం దాటలే, మొత్తం రాష్ట్రంది 66 శాతం పైన. అట్లాంటి చోట ఒక్క మంచి బడి ఒక కుటుంబాన్ని లేపుతది. కానీ రిజిస్టర్‌లో మనల్ని రాసింది ఎప్పుడూ వేరేవాళ్లే. మొదట పోలీసు, తర్వాత సారు, తర్వాత సిస్టర్. మన తేదీ వాళ్లే రాసిన్రు, మన ఇంటిపేరు వాళ్లకు వినబడ్డట్టు రాసిన్రు, మన భాషను అడగకుండ రాసిన్రు. ఎందుకంటే అప్పుడు కౌంటర్‌కు ఇవతల చదివిన మనిషి లేడు. ఇప్పుడు ఉన్నడు. మనం ఉన్నం.

అందుకే ఈ జూన్‌ల ఒక పని చేద్దాం. మన తండాల నుంచి, గూడెంల నుంచి ఏ బడికైనా, సర్కారు బడి, గురుకులం, మిషన్ స్కూల్ ఏదైనా సరే, పిల్లలు చేరే రోజు మనం ఒకరం పక్కన నిలబడదాం. నాలుగు కాలమ్‌లు చూద్దాం. ఇంటిపేరు తల్లిదండ్రుల కాగితాలతోటి కలుస్తున్నదా. పుట్టిన తేదీ నిజమైందేనా. పుట్టిన సర్టిఫికెట్ లేకపోయినా బడి అడ్మిషన్ ఆపొద్దని విద్యా హక్కు చట్టంలనే ఉన్నది. కులం, తెగ పేరు సరిగ్గా ఉన్నదా. మాతృభాష కాలమ్‌లో లంబాడీనో, కోయనో, ఎరుకలనో ఇంట్ల ఏది మాట్లాడితే అదే రాసిన్రా.

ఇదే మాట 2027 జనగణనకూ పనికొస్తది. 2011లో దేశంలో 32 లక్షలకు పైగా మంది లంబాడీ తమ భాష అని చెప్పిన్రు. కానీ పట్టికలో దాన్ని హిందీ కింద కలిపిన్రు. కోయ చెప్పినోళ్లు 4 లక్షల పైన. మనం చెప్పకపోతే ఆ లెక్క కూడా తగ్గుతది.

ఇంకొకటి. మీ ఊరి బడికి పోయి మీ తాతదో, బాపుదో, అక్కదో అడ్మిషన్ లైన్ చూడండి, సార్లను మర్యాదగా అడిగితే చూపిస్తరు. ఏ సంవత్సరం చేరిన్రు, ఏ తరగతిల ఆగిన్రు, ఎందుకు ఆగిన్రు రాసుకోండి. మనకు రాజుల శాసనాలు లేవు. మన తండా చరిత్రకు ఆ రిజిస్టరే మొదటి శాసనం.

మా చిన్న చెల్లె ఈ జూన్ 12న ఒకటో తరగతికి పోతున్నది. ఫారం నేనే నింపుత. పుట్టిన తేదీ దగ్గర జనవరి అని రాస్త, ఎందుకంటే అది నిజం. మాతృభాష దగ్గర లంబాడీ అని రాస్త. ప్లేటు మీద పేరు కూడా నేనే గీకుత.

జై సేవాలాల్. జై ఆదివాసీ.