పెట్టె కెమెరాయు, పేరు లేని ఛాయాచిత్రమును

గోదావరీ తీరమున వెలసిన మన చెన్నూరు చరిత్ర యనగానే అగస్త్యేశ్వరాలయము స్ఫురణకు వచ్చును. కాని మన యిండ్లలో పెట్టెల యడుగున పడియున్న పాత ఛాయాచిత్రములును చరిత్రయే. గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున వానిని గూర్చి నాలుగు మాటలు విన్నవింతును.

హైదరాబాదు రాజ్యమున ఈ విద్యకు ఖ్యాతి దెచ్చినవారు రాజా దీనదయాళుగారు. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించిన ఆయన, ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకులై, 1894లో 'ముసవ్విర్ జంగ్' బిరుదము నందిరి. నాడు బరువైన గాజుపలకలపై చిత్రములు తీయవలసియుండుటచే ఆ భాగ్యము ప్రభువులకును శ్రీమంతులకును దక్కెను. ఆయన పలకలలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

సామాన్యుని చేతికి కెమెరా నందించినవాడు అమెరికా దేశీయుడగు జార్జి ఈస్టుమను. 1888లో ఆయన చుట్టఫిల్ముతో కొడాక్ కెమెరాను వెలువరించెను. 1900లో వచ్చిన అట్టపెట్టె బ్రౌనీ వెల యొక్క డాలరు మాత్రమే. 1901లో వచ్చిన రెండవ నంబరు బ్రౌనీకై యేర్పడిన '120' ఫిల్మును నేటికిని తయారు చేయుచున్నారు.

నూఱేండ్ల నాటి అట్టి పెట్టె యొకటి మా బంధువుల యింటి అటుకమీద దొరకినది. దుమ్ము తుడిచి, ఫిల్ము తెప్పించి, మనుమనితో గోదావరి రేవునకు బోయితిని. ముందు ఒంటి కటకము, ప్రక్కన మీట, వెనుక అంకెను చూచుటకు చిన్న ఎఱ్ఱని కిటికీ, ఇంతియే యంత్రము. పూర్వపు ఫిల్ము ఎఱ్ఱని వెలుగును గ్రహింపదు గనుక ఆ కిటికీవలన హాని లేకుండెను. నేటి ఫిల్ము అన్ని రంగులను గ్రహించును. అంకె చూడగనే దానిని నల్లని పట్టీతో కప్పవలెను. మంచి యెండలో, పెట్టెను నడుము కడ కదలకుండ పట్టి మీట నొక్కవలెను. చుట్టకు ఎనిమిదే చిత్రములు. తీసిన వెంటనే ఫిల్మును త్రిప్పవలెను. నేనొకమారు మఱచితిని. కడిగించి చూడగా ఆలయ శిఖరముపై మనుమని ముఖము పడియున్నది! వాడు నవ్వెను, నేనును నవ్వితిని.

అయితే నవ్వురాని విషయ మొకటి గలదు. ఆ కెమెరాతోపాటు ఒక పాత చిత్రము దొరకినది. రేవు మెట్లపై బిందెతో నిలచిన యొక స్త్రీ. ముఖము స్పష్టముగా నున్నది. ఆమె యెవరో ఆ యింట ఎవ్వరికిని తెలియదు. "మా అమ్మ ఉన్నట్లయిన చెప్పెడిది" అని యింటి పెద్ద తల వంచుకొనెను. పెట్టె చెడలేదు, కాగితము చెడలేదు, పేరొక్కటే పోయినది.

లెక్కలు వ్రాసి జీవించువాడను. పద్దు లేని సొమ్ము ఎవరిదో తేల్చుట యెంత కష్టమో యెఱుగుదును. పేరు లేని చిత్రమును అట్టిదే. కావున గ్రామస్థులకు నా మనవి: ఇంటి పెద్దలు జీవించియుండగనే వారి ప్రక్కన గూర్చుండి, ప్రతి చిత్రము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. మన గ్రంథాలయము వానికొక చిట్టా తెఱచిన, తొలి పద్దులు వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను. మొదటి పుట యందు ఆ బిందె తల్లి చిత్రము నుంచి, పేరునకు చోటు విడిచెదను. ఎఱిగినవారు వచ్చి నింపుదురు గాక.