విద్యార్థినులు వేసిన పునాది: అమెరికా మహిళా ఇంజనీర్ల సంఘంలో కళాశాల శాఖలు

వృత్తి సంఘాలు సాధారణంగా ఉద్యోగుల మధ్య పుడతాయి. కాస్త బలపడ్డాక కళాశాలల వైపు చూసి విద్యార్థి శాఖలు తెరుస్తాయి. 1950లో అమెరికాలో ఏర్పడిన ‘సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్’ కథ దీనికి తలకిందులు. అక్కడ ముందు కూడుకున్నది చదువుకుంటున్న అమ్మాయిలు. ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు ఆ తర్వాత వచ్చి కలిశారు. ఈ సంఘంలో కళాశాల శాఖలకు ఇంత బరువు ఉండటానికి మూలం ఇదే.

తొలి ప్రయత్నం 1919లో కొలరాడో విశ్వవిద్యాలయంలో జరిగింది. లూ ఆల్టా మెల్టన్, హిల్డా కౌంట్స్, ఎల్సీ ఈవ్స్ అనే ముగ్గురు కలిసి, మహిళా ఇంజనీర్లకూ వాస్తుశిల్పులకూ కలిపి ఒక సంఘం పెట్టాలనుకున్నారు. అసలు దేశంలో తమలాంటి వాళ్లు ఎందరున్నారో తెలియదు కాబట్టి ఇంజనీరింగ్ విద్యాలయాలకు ఉత్తరాలు రాశారు. వచ్చిన జవాబుల్లో కొన్ని మొహం మీద తలుపు వేసినట్టున్నాయి. తమ ఇంజనీరింగ్ విభాగంలో ఆడపిల్లలు ఇప్పుడు లేరు, మునుపు లేరు, దగ్గరి రోజుల్లో వస్తారనీ అనుకోవడం లేదు అని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం నుంచి జవాబు వచ్చింది. అన్నీ కూడితే 20 విశ్వవిద్యాలయాల్లో లెక్క తేలింది 63 మంది. వారిలో 43 మంది ఒక్క మిషిగన్‌లోనే ఉన్నారు.

మిషిగన్‌లో అంతమంది ఉండటమే కాదు, ఒకరితో ఒకరు కలిసే చోటు కూడా అక్కడ ఉంది. 1914లోనే ఇంజనీరింగ్, వాస్తుశిల్పం చదివే విద్యార్థినులు ‘టీ-స్క్వేర్ సొసైటీ’ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. డ్రాయింగ్ బల్ల మీద వాడే సాధనం పేరే సంఘానికి పెట్టారు. మిగతా 20 మంది మాత్రం 19 ఊళ్లలో ఒకరూ ఇద్దరూగా చెల్లాచెదురుగా ఉన్నారు. అంత పలుచగా పరుచుకున్న సభ్యులతో దేశవ్యాప్త సంఘం నిలబడలేదు. కొలరాడో ముగ్గురి ఆలోచన అక్కడే ఆగిపోయింది. అదే 1919 జూన్‌లో లండన్‌లో పుట్టిన ‘విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీ’ నిలబడింది. దాని వెనుక మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కర్మాగారాల్లో పనిచేసిన స్త్రీల బలం ఉంది. అమెరికా అమ్మాయిలకు అప్పటికి అలాంటి ఆసరా లేదు.

తర్వాతి పాతికేళ్లు విడివిడి విద్యార్థినుల కథే. తరగతిలో మొదటి వరసలో నిలిచినా గౌరవ సంఘాల తలుపు వారికి తెరుచుకోలేదు. ఇంజనీరింగ్‌లో అత్యున్నత ప్రతిభా సంఘమైన టౌ బీటా పై 1936 నుంచి అమ్మాయిలకు ‘విమెన్స్ బ్యాడ్జ్’ ఇచ్చింది గానీ సభ్యత్వం ఇవ్వలేదు. మార్కులను గుర్తించి మనిషిని బయట నిలబెట్టిన ఈ పద్ధతి 1969 దాకా సాగింది. ప్రత్యేక సంఘం ఎందుకు అన్న ప్రశ్నకు ఆనాటి విద్యార్థినులు చూపగలిగిన సమాధానం ఆ బ్యాడ్జే.

రెండో ప్రపంచ యుద్ధం పరిస్థితిని కొంత కదిపింది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో విమాన కంపెనీలకు ఇంజనీరింగ్ మనుషులు కరువయ్యారు. కర్టిస్-రైట్ సంస్థ 1943లో ‘కెడెట్’ల పేరుతో యువతులను ఎంపిక చేసి, పర్డ్యూ, కార్నెల్, ఐయోవా స్టేట్ వంటి ఏడు విశ్వవిద్యాలయాల్లో నెలల వ్యవధిలో ఇంజనీరింగ్ శిక్షణ ఇప్పించింది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన సైనికులు ప్రభుత్వ ఖర్చుతో కళాశాలల్లో చేరారు, తరగతులు నిండిపోయాయి. అమ్మాయిల సీట్లూ, ఉద్యోగ అవకాశాలూ మళ్లీ కుంచించుకుపోయాయి. అయితే ఈసారి పని చేసి చూపించిన అనుభవం వారి వెనుక ఉంది.

ఆ వాతావరణంలోనే 1946లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యాలయంలో కొందరు విద్యార్థినులు ఒక బృందంగా ఏర్పడ్డారు. వారిలో చురుకైనది ఫిలిస్ ఎవాన్స్. న్యూయార్క్‌లో కూపర్ యూనియన్, సిటీ కాలేజీ విద్యార్థినులూ ఇలాగే కూడుకుంటున్నారు. 1949 ఏప్రిల్‌లో డ్రెక్సెల్ అమ్మాయిలు చుట్టుపక్కల కళాశాలలన్నిటికీ ఆహ్వానాలు పంపి సదస్సు పెడితే 19 కళాశాలల నుంచి 70 మందికి పైగా వచ్చారు. ముప్ఫై ఏళ్ల కిందట దేశమంతా గాలించినా 63 మంది తేలిన చోట, ఇప్పుడు ఒక్క ప్రాంతం నుంచే అంతకు మించి వచ్చారు.

మరుసటి ఏడాది మే 27, 28 తేదీల్లో న్యూజెర్సీలో కూపర్ యూనియన్‌కు చెందిన గ్రీన్ క్యాంప్‌లో సంఘం అధికారికంగా స్థాపితమైంది. న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, బోస్టన్ ప్రాంతాల బృందాలు అందులో కలిశాయి. తొలి అధ్యక్షురాలు బియాట్రిస్ హిక్స్. న్యువార్క్ ఇంజనీరింగ్ కళాశాలలో 1939లో పట్టా పుచ్చుకుని, వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో తొలి మహిళా ఇంజనీరుగా పనిచేసిన మనిషి. 1952లో సంఘానికి చట్టబద్ధమైన నమోదు జరిగింది. విద్యార్థినులు మొదలుపెట్టిన పని ఉద్యోగినుల చేతుల్లో సంస్థ రూపం తీసుకుంది. విద్యార్థి శాఖలు ఆ సంస్థలో భాగమయ్యాయి.

తొలి దశాబ్దంలో ఈ శాఖలు చాలా చిన్నవి. పర్డ్యూ శాఖ 1954లో మొదలైంది. ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో స్త్రీలు అప్పటికి ఒక శాతం కూడా లేరు. కాబట్టి ఒక కళాశాలలో శాఖ అంటే ఒక బల్ల చుట్టూ సరిపోయే మంది. వాళ్లు చేసిన పనులు సాదాసీదావి: పక్క ఊరి కర్మాగారం చూసి రావడం, ఉద్యోగంలో ఉన్న ఒక ఇంజనీరును పిలిచి మాట్లాడించడం, కొత్తగా చేరిన అమ్మాయికి ల్యాబ్ దారి, పాత నోట్సు చూపించడం, హైస్కూలు బాలికలకు ఇంజనీరింగ్ అంటే ఏమిటో చెప్పడం. ఆ రోజుల్లో కొత్త అమ్మాయి రెండో ఏడాదికి మిగిలిందంటే అందులో వీటి పాలు తక్కువ కాదు. 1958లో అమెరికా ఇంజనీరు లిలియన్ మోలర్ గిల్‌బ్రెత్ పేరున సంఘం ఉపకారవేతనం కూడా నెలకొల్పింది.

సంఘం లోపల కూడా అందరికీ తలుపు ఒకేలా తెరిచి లేదు. హోవార్డ్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొందిన తొలి మహిళ ఇవాన్ యంగ్ క్లార్క్. ఆమె నల్లజాతి స్త్రీ. 1957లో హ్యూస్టన్‌లో సంఘం మహాసభకు వెళితే అక్కడి హోటల్ ఆమెకు బస ఇవ్వలేదు. ఆ తర్వాత జాతి వివక్ష అమల్లో ఉన్న దక్షిణాదిన మహాసభలు పెట్టకూడదని సంఘం నిర్ణయించుకుంది. టెనెసీ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లార్క్ దశాబ్దాల పాటు బోధించింది.

విద్యార్థి శాఖ నడపడంలో ఉన్న కష్టం ఏమిటంటే, నాలుగేళ్లు తిరిగేసరికి ఇంటిల్లిపాదీ మారిపోయే ఇల్లు అది. ఉద్యోగినుల శాఖలో ఒక కార్యదర్శి పదేళ్లు పనిచేయవచ్చు. కళాశాలలో పని తెలిసేసరికి పట్టా చేతికొస్తుంది. ఒక చురుకైన బ్యాచ్ వెళ్లిపోగానే శాఖ చడీచప్పుడు లేకుండా నిద్రపోవడం, కొన్నేళ్లకు మరో బ్యాచ్ వచ్చి మళ్లీ లేపడం చాలా కళాశాలల్లో జరిగింది. సంఘం దీనికి రెండు ఊతకర్రలు ఏర్పాటు చేసింది. ఒకరు ఫ్యాకల్టీ అడ్వైజర్, కళాశాల అధ్యాపకులు. గది, అనుమతి, డీన్ కార్యాలయంతో వ్యవహారం వారి పని. రెండోవారు కౌన్సెలర్, వృత్తిలో ఉన్న సభ్యురాలు. సంఘంతోనూ పరిశ్రమతోనూ అనుబంధం వారి చేతిలో ఉంటుంది. నగరాల్లోని కళాశాలలకు కౌన్సెలర్ దొరకడం తేలిక. మొక్కజొన్న పొలాల నడుమ ఉన్న విశ్వవిద్యాలయానికి ఆ మనిషి గంటల ప్రయాణం చేసి రావలసి వచ్చేది. ఫ్యాకల్టీ అడ్వైజర్ బాధ్యత కూడా చాలాచోట్ల ఉన్న ఒక్కగానొక్క మహిళా అధ్యాపకురాలి మీదే పడేది. అలాంటివారు లేని చోట విభాగంలోని మగ ప్రొఫెసర్లు ఆ పని చేశారు. వారి సహకారం లేకుండా కొన్ని శాఖలు పుట్టి ఉండేవే కావు.

అప్పగింత కాలం మరో చిక్కు. వసంతకాలంలో ఎన్నికలు జరుగుతాయి, సంఘం ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఈ రెంటి మధ్య వేసవి సెలవులొచ్చి, పాత కోశాధికారి ఉద్యోగంలో చేరి, కొత్త కోశాధికారి ఇంటర్న్‌షిప్‌కు మరో రాష్ట్రం వెళ్లిపోతారు. బ్యాంకు ఖాతా సంతకాలు, కంపెనీల చిరునామాలు, కిందటి ఏడాది ఎవరికి ఏమి మాటిచ్చారన్న జ్ఞాపకం అన్నీ ఆ సందులో జారిపోతాయి. నిలదొక్కుకున్న శాఖలు దీనికి తమ మార్గం తాము వెతుక్కున్నాయి: సమావేశాల మినిట్స్ తప్పకుండా రాయడం, వార్షిక నివేదిక దాచడం, అధ్యక్షురాలి వెంట మూడో ఏడాది విద్యార్థినిని ఉపాధ్యక్షురాలిగా ఏడాది నడిపించి పని నేర్పడం. ఇలా దాచిన కాగితాల్లో కొన్ని ఇప్పుడు డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం రూథర్ గ్రంథాలయంలో సంఘం పత్రాలతో పాటు భద్రంగా ఉన్నాయి.

1970లలో ఈ శాఖల రూపమే మారిపోయింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధించే ‘టైటిల్ నైన్’ చట్టం 1972లో వచ్చింది. ఉద్యోగాల్లో సమానావకాశాల చట్టానికి కోరలు వచ్చిందీ ఆ ఏడాదే. ఫెడరల్ కాంట్రాక్టులున్న కంపెనీలు మహిళా ఇంజనీర్ల కోసం కళాశాలల చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. విశ్వవిద్యాలయాలు కూడా తమంతట తాము కదిలాయి. పర్డ్యూ 1969లోనే మహిళల ఇంజనీరింగ్ విద్య కోసం ప్రత్యేక కార్యక్రమం పెట్టింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. 1970లో ఒక శాతం లోపున్న మహిళా పట్టభద్రుల వాటా 1980 నాటికి దాదాపు పది శాతానికి చేరింది. పదేళ్లలో పదింతలు. బల్ల చుట్టూ సరిపోయిన శాఖకు ఇప్పుడు లెక్చర్ హాలు కావలసి వచ్చింది.

విద్యార్థినుల రెజ్యూమేలను ఒక పుస్తకంగా కూర్చి కంపెనీలకు అమ్మడం, ‘ఈవినింగ్ విత్ ఇండస్ట్రీ’ పేరున కంపెనీ ప్రతినిధులతో విందు ఏర్పాటు చేయడం శాఖలకు ముఖ్యమైన ఆదాయ మార్గాలయ్యాయి. ఈ మార్పులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. డబ్బు చేతికి రావడంతో సదస్సులకు వెళ్లే ఖర్చులూ, పాఠశాలల కార్యక్రమాలూ సాధ్యమయ్యాయి. కానీ ఏడాదంతా ఆ ఒక్క విందు చుట్టూ తిరిగే శాఖలూ తయారయ్యాయి. ఒంటరిగా ఉన్న అమ్మాయిని పలకరించే పాత పని అక్కడ వెనక్కి తగ్గింది. సభ్యత్వ నియమం కూడా ఈ దశాబ్దంలోనే మారింది: 1976లో సంఘం మగవారికీ సభ్యత్వం ఇచ్చింది.

పాఠశాల బాలికల దగ్గరికి వెళ్లే పని మాత్రం మొదటి నుంచీ చెదరలేదు. 2001లో ఇంజనీర్ల వారోత్సవంలో భాగంగా, ఫిబ్రవరిలో అమ్మాయిలకు ఇంజనీరింగ్‌ను పరిచయం చేసే ప్రత్యేక దినం మొదలైంది. దానికి తయారుగా ఉన్న సైన్యం కళాశాల శాఖలదే. సభ్యత్వంలో కూడా ఒక తెలివైన ఏర్పాటు వచ్చింది: ఒకసారి రుసుము కడితే చదువున్నంత కాలం, ఆపై ఉద్యోగంలో మొదటి ఏడాది దాకా సభ్యత్వం నడిచేలా చేశారు. పట్టా తీసుకున్న మర్నాడే సభ్యులు జారిపోయే పాత జబ్బుకు ఇది మందు. షికాగో కేంద్రంగా నడిచే ఈ సంఘం వార్షిక మహాసభలకు ఇటీవలి కాలంలో పదివేలకు మించి జనం వస్తున్నారు. వారిలో కళాశాల విద్యార్థినులది పెద్ద పాలు.

ఈ చరిత్రలోకి ఒక తెలుగు స్త్రీ కూడా వచ్చింది. మద్రాసులో 1919లో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డ తల్లిగా గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరింది. తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. హాస్టల్లో ఆమె ఒంటరితనం చూసి, అమ్మాయిలు చేరవచ్చని ఆయన ప్రచారం చేశాడు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. డ్రెక్సెల్ బృందం పుట్టకముందే, గిండీ హాస్టల్లోని అమ్మాయికి తోడు అవసరమని ఒక తండ్రి గుర్తించాడు. లలిత 1943లో చదువు పూర్తి చేసింది. పట్టా కాగితం మీద అచ్చయి ఉన్న పుంలింగ సర్వనామాన్ని కొట్టివేసి స్త్రీలింగం రాయవలసి వచ్చింది. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో పనిచేస్తూ, భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో ఆమె పాలుపంచుకుంది. 1964లో సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు నిర్వహించినప్పుడు భారతదేశం నుంచి లలిత హాజరైంది. మరుసటి ఏడాది లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీ ఆమెకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది.

భారతీయ కళాశాలల్లో ఇలాంటి శాఖలు ఎక్కువగా మరో దారిలో వచ్చాయి. విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐఈఈఈ 1994లో ‘విమెన్ ఇన్ ఇంజనీరింగ్’ విభాగం పెట్టింది. కళాశాలలో అప్పటికే ఉన్న ఐఈఈఈ విద్యార్థి శాఖలోపల దాని బృందం ఏర్పడుతుంది. 1990ల చివర నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు, కంప్యూటర్ కోర్సులు పెరిగిన కొద్దీ తెలుగు నేల మీద అమ్మాయిల చేరికలు ఉప్పెనలా పెరిగాయి. 1997లో హైదరాబాద్‌లో జి. నారాయణమ్మ విద్యాసంస్థ అనే మహిళా ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. తరగతిలో ఒకే ఒక్క అమ్మాయిగా కూర్చునే బాధ అక్కడ లేదు. అమెరికా శాఖలు పుట్టడానికి కారణమైన ఏకాకితనం ఇక్కడి కళాశాలలో కాదు, తర్వాత చేరే ఉద్యోగంలో, ముఖ్యంగా సైట్‌లోనూ వర్క్‌షాప్‌లోనూ ఎదురవుతుంది. కాబట్టి ఇక్కడి శాఖల కార్యక్రమాలు కూడా పూర్వ విద్యార్థినులను రప్పించి ఉద్యోగ జీవితం గురించి మాట్లాడించడం వైపు, సాంకేతిక పోటీల వైపు మొగ్గుతాయి. సాయంత్రం హాస్టల్ గేటు మూసే వేళకు ముందే సమావేశం ముగించాలన్నది ఇక్కడి నిర్వాహకులు ఎరిగిన ఇబ్బంది. ప్రతి అనుమతి కాగితం అధ్యాపక సలహాదారు సంతకం మీదే ఆధారపడటం మరొకటి.

ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లే తెలుగు అమ్మాయిలకు అక్కడి శాఖలు వేరే రూపంలో ఎదురవుతాయి. పరిశోధక, స్నాతకోత్తర విద్యార్థినుల కోసం సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్‌లో ‘గ్రాడ్‌స్వీ’ పేరుతో ఒక విభాగం ఉంది. బీటెక్ చదివే అమ్మాయిలకు అక్కర్లేని సంగతులు అక్కడ చర్చకు వస్తాయి: పరిశోధన మార్గదర్శితో వ్యవహారం, రెండేళ్లలోపే ఉద్యోగం వెతుక్కోవలసిన ఒత్తిడి, వీసా గడువు. నాలుగేళ్ల బదులు రెండేళ్లకే సభ్యులు మారిపోయే ఈ బృందాల్లో ఎన్నికలకూ అప్పగింతకూ మధ్య దొరికే సమయం మరీ తక్కువ.