దీపం తెల్లబడకుండా

రండి, చెప్పులు పైనే వదిలేయండి. భుజాన ట్రైపాడ్, మెడలో కెమెరాతో రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్లు దిగుతున్నారు. “ఆయ్, ఆ కింది మెట్టు మీద పాకుడుందండి బాబూ, కాలు జారుద్ది” అంటోంది అరటి దొప్పల్లో దీపాలమ్మే ఆవిడ. మాట వినండి. రెండు మెట్లు పైకి జరగండి.

కొవ్వూరు వైపు పొద్దు ఇప్పుడే కుంగింది. ఆకాశం ఇంకా నల్లబడలేదు, ముదురు నీలంగా ఉంది. మీ చేతిలో ఉన్నది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ నీలం కాస్తా పోయిందంటే దీపాలకీ ఆకాశానికీ పొత్తు కుదరదు. రెంటినీ ఒక్క ఫొటోలో పట్టడం ఏ కెమెరా తరమూ కాదు.

ఎదురుగా ఆర్చి బ్రిడ్జి. మొత్తం 28 కాంక్రీటు విల్లులు, ఒక్కోటి 97 మీటర్ల పైమాటే. దాని పక్కన 1997 నుంచి రైలు ఎక్కని పాత హేవలాక్ వంతెన. నాలుగైదు విల్లులు పట్టేలా ఫ్రేము కట్టండి. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8, ఎనిమిది సెకన్లు. నొక్కండి.

తెర చూడండి. నీళ్లు బాగున్నాయి, ఆకాశం బాగుంది. ఒడ్డున దీపస్తంభం ఏది? తల లేదు. అక్కడ తెల్లటి మరక ఒకటి నలుపు, తెలుపుగా మిణుకుతోంది. వెలుగు ఎక్కువై వివరం పోయిన చోటు అదేనని కెమెరా చెబుతోంది.

ఇంటికెళ్లి కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు కదా? కుదరదు. సెన్సార్లో ఒక్కో గడీ ఒక చెంబు. నిండి పొర్లాక ఎంత ఒలికిందో ఎవరూ చెప్పలేరు. చీకటి చోట మాత్రం అడుగున నాలుగు చుక్కలైనా ఉంటాయి. రా ఫైలు తీస్తే వాటిని పైకి లాగొచ్చు. అందుకే దీపాన్ని కాపాడండి, చీకటిని దాని మానాన వదిలేయండి.

ఎనిమిది సెకన్లను నాలుగు చేయండి. తర్వాత రెండు. ప్రతిసారీ వెలుగు సగమవుతోంది. మరక కుంచించుకుపోయి బల్బు దగ్గర ఆగింది. ఇక చాలు. బల్బు నడిబొడ్డు తెల్లగానే ఉంటుంది, దానికోసం ఫొటో అంతా నల్లగా చేసుకోవడం తెలివితక్కువ పని.

నీళ్ల మీద ఆ ఆకుపచ్చ చుక్కలేమిటి? అక్కడ దీపాలేం లేవే! లెన్సుకి బిగించిన యూవీ ఫిల్టరు తెచ్చిన తంటా అది. విప్పి జేబులో వేసుకోండి. చుక్కలు పోయాయి.

గంటలు మోగుతున్నాయి. హారతి మొదలైంది. కెమెరా ట్రైపాడ్ మీంచి తీసి చేత్తో పట్టుకోండి. చుట్టూ చీకటి చూసి కెమెరా కంగారుపడుతుంది, అన్నిటినీ తెల్లగా చేసేస్తుంది. దాని మాట వినకండి. ఎక్స్‌పోజరు మైనస్ రెండుకి దించండి. షట్టరు 1/250. ఇప్పుడు మంటలో పసుపు కనిపిస్తోంది, అంచున నారింజ, పైన పొగ మెలిక. వెనక జనం చీకట్లో కలిసిపోయారు. పోనీండి.

కూత!

కొవ్వూరు నుంచి రైలు. కెమెరా మళ్లీ ట్రైపాడ్ మీదికి. బల్బ్ మోడ్. రిమోట్ నొక్కిపట్టండి. షట్టరు తెరుచుకుంది. ఆకాశం పడుతోంది, నీళ్లు పడుతున్నాయి. దూరాన ఇంజను దీపం. పెరుగుతోంది. అది ఫ్రేములోకి వస్తే అంతా తెల్లబారిపోతుంది. ఆపేస్తారా? వద్దు. నల్ల అట్ట తీయండి. లెన్సుకి అడ్డం పెట్టండి. తగలనీయకండి. వేలు వణుకుతోంది. వణకనీండి. కాలు కదపకండి. కింద పాకుడు. వంతెన మోగుతోంది. ఇంజను ఫ్రేము దాటింది. తీయండి అట్ట!

కిటికీలు. ఒక్కో పెట్టే విల్లుల కింద పసుపు గీత గీసుకుంటూ పోతోంది. ఆఖరి పెట్టె దాటింది. రిమోట్ వదలండి. (గూడ్సు బండి అయితే గీత లేదు, ఏం లేదు. అది మీ అదృష్టం మీద ఉంటుంది.)

ఫోనే ఉందా? తెర మీద దీపాన్ని వేలితో నొక్కిపట్టండి. సూర్యుడి గుర్తు వస్తుంది. దీపం రంగు కనబడేదాకా దాన్ని కిందికి లాగండి. పుష్కరాలకు వచ్చేవాళ్లకి అది చాలు. ఆ రోజుల్లో మాత్రం ట్రైపాడ్ మెట్ల మీదికి తేకండి, నడిచేవాళ్లకి అడ్డం పెట్టకండి. 2015 పుష్కరాల్లో తొలిరోజే ఇక్కడ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. మళ్లీ పుష్కరాలు 2027లో.