పుట్టింటి వాటా: రంగమ్మ, అచ్చమ్మల నుంచి కోటేశ్వరమ్మ దాకా

జగ్గయ్యపేట పేరులోనే ఒక తండ్రి ఉన్నాడు. బేతవోలుకి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టినవాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. నందిగామ పరగణా కూడా ఆయన జమీలోదే. 1816లో ఆయన చనిపోయాక దత్తపుత్రులు జగన్నాథబాబు, రామనాథబాబుల మధ్య వారసత్వ తగువు దశాబ్దాలపాటు నడిచి, 1840లలో లండన్ ప్రీవీ కౌన్సిల్‌కి చేరింది. మొదటి దత్తుడు ఉండగా రెండో దత్తత చెల్లదని తీర్పు. హిందూ లా చదివినవాళ్ళకి ఆ కేసు ‘రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ’. పేర్లు ఆడవాళ్ళవి. ప్రశ్న మాత్రం ఏ కొడుకు అసలు కొడుకు అన్నది. కూతురి ఊసే లేదు.

ఆ ఊసు రావడానికి ఇంకో వందేళ్ళు పైగా పట్టింది. 1937 చట్టం భర్త వాటాని వితంతువుకి ఇచ్చింది, అదీ బతికున్నంతకాలం అనుభవించడానికే. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురిని వారసురాలిని చేసింది. కానీ తండ్రి వాటాలోనే ఆమెకి భాగం. పైగా అదే చట్టంలోని 23వ సెక్షన్, కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకోదలిస్తే తప్ప ఆడవాళ్ళు పంపకం అడగరాదంది. హక్కు ఇచ్చి, అడిగే నోరు మూసింది.

1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళని వదిలేసింది. పెళ్ళితో ఆడపిల్ల ‘పరాయిది’ అవుతుందన్న పాత నమ్మకాన్ని కొత్త చట్టమూ మోసింది. 2005 కేంద్ర సవరణ ఆ గీతని చెరిపేసి, 23వ సెక్షన్‌నీ తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ మార్పు ఎంతటిదో గండూరి కోటేశ్వరమ్మ కేసు చెబుతుంది. అన్నదమ్ములిద్దరు, అక్కచెల్లెళ్ళిద్దరు. 1999 ప్రాథమిక డిక్రీ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో అక్కచెల్లెళ్ళకి దక్కింది తండ్రి మూడోవంతులో నాలుగో భాగం, అంటే తలా పన్నెండో వంతు. 2005 తర్వాత వాళ్ళు నాలుగోవంతు అడిగారు. తుది డిక్రీ వచ్చేదాకా భాగం దావా ముగిసినట్టు కాదు, వాటాలు మార్చవచ్చు అని 2011లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన నిలిచింది.

పొలాన్ని గట్లు వేసి పంచవచ్చు. పాత ఇంటిని ఎలా పంచాలి? 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం, పంచడానికి వీలుకాని ఆస్తిని అమ్మించమని కోర్టుని అడగాలంటే సగానికి తక్కువ కాని వాటా ఉండాలి. అప్పుడు మిగతా వాటాదారులు కోర్టు కట్టిన విలువకి దాన్ని కొనుక్కోవచ్చు. పన్నెండో వంతులు రెండు కలిస్తే ఆరో వంతే. నాలుగోవంతులు రెండు కలిస్తే సగం. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక్క మాట మీద నిలబడితే ఆ ఇంటిని అమ్మించమని వాళ్ళూ కోర్టుని అడగవచ్చు.

సాగర్ ఎడమ కాలువ కింద మెట్ట భూమికి విలువ పెరిగాక వాటా మాట మరింత కఠినమైంది. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందన్న భయం చట్టం కంటే బలమైనది. అన్న ఎన్నేళ్ళు సాగు చేసినా అంతమాత్రాన చెల్లెలి హక్కు పోదు. ఆమె హక్కుని బాహాటంగా కాదన్నప్పటి నుంచే గడువు లెక్క మొదలవుతుంది. కోర్టుకెక్కకుండా లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టమే ఇచ్చింది.

మన ఇళ్ళలో ఎక్కువ వాటాలు కోర్టులో పోవు. చీర, పసుపుకుంకుమల పక్కన పెట్టిన హక్కు విడుదల దస్తావేజు మీద పోతాయి. ఇష్టపడి వదులుకోవడం ఆమె హక్కే. కానీ రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టేలోపు తన వంతు ఎంతో, దాని విలువ ఎంతో ఆమెకి ఎవరైనా చెప్పారా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.